గేర్‌బాక్స్ విప్పేముందు కారును ఒకసారి రోడ్డు మీద నడిపి చూడండి

ఆటోమేటిక్ కారు యాక్సిలరేటర్ తొక్కగానే వేగం అందుకోకపోతే, పరీక్ష చేయకుండానే గేర్‌బాక్స్ పోయిందని చెప్పే అలవాటు మీద నాకు చాలా కోపంగా ఉంది.

మాది ఏడేళ్ల నాటి పెట్రోలు కారు, టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే రకం ఆటోమేటిక్). మూడు నెలల క్రితం గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే, క్షణంపాటు కారులో చలనమే లేదు. ఆ తర్వాత ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. వెనక లారీ హారన్ కొడుతూ మీదికి వస్తోంది, వెనక సీట్లో మా అమ్మ ఉంది. మర్నాడు సర్వీస్ సెంటర్‌లో ఆపి ఉన్న కారుకు స్కానర్ తగిలించి, ఎర్రర్ కోడ్ ఏదీ లేదు కాబట్టి లోపం గేర్‌బాక్స్‌దేనని తేల్చి, 85,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ముల్లు పైకి లేచి, ఇంజిన్ అరుస్తున్నా బండి వేగం అందుకోకపోతే గేర్‌బాక్స్‌లో క్లచ్‌లు జారుతున్నాయేమో, ఆయిల్ తగ్గిందేమో చూడాలి. ముల్లే లేవకపోతే ముందు గాలి, పెట్రోలు, సెన్సర్ల సంగతి చూడాలి. మా కారులో ముల్లు లేవలేదు. ఆ మాట నేనే చెప్పినా ఎవరూ రాసుకోలేదు.

ఇప్పటి కార్లలో పెడల్‌కూ, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌కూ మధ్య కేబుల్ ఉండదు. కాలు ఎంత నొక్కిందో సెన్సర్లు ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) చెబితే, అది మోటారుతో థ్రాటిల్ తెరిచి, లోపలికి వచ్చిన గాలిని లెక్కగట్టి తగినంత పెట్రోలు ఇస్తుంది. ఆ గాలి లెక్కతో వేసే, ఇంజిన్ ఎంత బలం ఇస్తోందన్న అంచనా మీదనే గేర్లు మార్చే కంప్యూటర్ కూడా ఆధారపడుతుంది. అందువల్ల గాలి లెక్క తప్పితే గేర్లు కూడా తడబడతాయి, నింద మాత్రం గేర్‌బాక్స్ మీద పడుతుంది.

అసలు లోపాన్ని పట్టుకున్నది మా వీధి చివర రేకుల షెడ్డులో పనిచేసే మెకానిక్. ఆయన స్కానర్ తగిలించి, నన్ను నడపమని, తాను పక్క సీట్లో కూర్చుని ఫ్యూయల్ ట్రిమ్ (లెక్కకన్నా పెట్రోలు ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ ఇవ్వాల్సి వస్తోందో చూపే అంకె) చూశారు. ఆగి ఉన్నప్పుడు మూడు శాతం లోపే ఉన్న అంకె, కాస్త గట్టిగా తొక్కగానే 20 దాటింది. పెట్రోలు పంపు బలహీనపడినా ఇలాగే పెరుగుతుంది కనుక ముందుగా దాని ప్రెషర్ కొలిచారు; బాగానే ఉంది. ఆ తర్వాత బానెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి డీ నుంచి ఆర్‌కూ, మళ్లీ డీకీ మార్చమని తన సహాయకుడికి చెప్పి, నన్ను టార్చి వెలుగులో చూడమన్నారు. డీలో ఒక పక్కకు, ఆర్‌లో దానికి ఎదురు పక్కకు ఇంజిన్ ఒరుగుతోంది. డీలో ఒరిగినప్పుడల్లా ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగు మడతలో వేలెడు చీలిక నోరు తెరిచి, మళ్లీ మూసుకుంటోంది. గాలిని కొలిచే సెన్సర్ దాటాక ఆ చీలికలోంచి దూరే గాలి ఎవరి లెక్కలోకీ రాదు, దానికి తగ్గ పెట్రోలూ వెంటనే అందదు. పార్కింగ్‌లో ఆ చీలిక మూసుకునే ఉంటుంది, అందుకే అక్కడ స్కానర్‌కు దొరకలేదు. కొత్త గొట్టానికి 1,900 రూపాయలు అయ్యాయి.

ప్రతి ఆలస్యమూ లోపమేనని నేను అనడం లేదు. ఏఎంటీ కార్లలో (మామూలు గేర్‌బాక్స్‌లోనే క్లచ్‌నూ గేర్లనూ యంత్రం మార్చే రకం) గేరు మారేటప్పుడు లాగుడు కాసేపు ఆగడం దాని స్వభావం. కానీ నిన్నటిదాకా లేని ఆలస్యం ఈరోజు వచ్చిందంటే దానికి కారణం ఉంటుంది, దాన్ని వెతకడానికే మనం సర్వీస్ సెంటర్‌కు డబ్బు కడుతున్నాం.

చిరిగిన గొట్టం పట్టుకుని మళ్లీ అక్కడికి వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మా చెకింగ్ లిస్టులో రోడ్ టెస్ట్ లేదండీ” అన్నారు. ఆ లిస్టులో అది ఉండాలని, నడుస్తున్న కారు రీడింగులు లేకుండా గేర్‌బాక్స్ ఎస్టిమేట్ ఎవరికీ ఇవ్వకూడదని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి వచ్చాను.