ఖాళీగా ఉండటం కూడా చేతకాని నెగటివ్ కంట్రోల్ గారికి

గౌరవనీయులైన నెగటివ్ కంట్రోల్ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమంగా ఉన్నారని ఇందాకే జెల్ మీద (డీఎన్‌ఏ ఉన్నచోట బ్యాండ్, అంటే గీత, వెలిగే పలక అది) చూశాను. మస్తు వెలిగిపోతున్నారు. చివరి లేన్‌లో, కరెక్ట్‌గా 1,500 బేస్ పెయిర్ల (మేం వెతికే డీఎన్‌ఏ ముక్క పొడవు) దగ్గర, మా శాంపిల్స్ కంటే మందంగా, నిగనిగలాడుతూ. యూవీ లైట్ వేయగానే మేడమ్ "బ్యాండ్స్ వచ్చినయ్ రా" అని నవ్వారు, ఒక్కో లేన్ చూసుకుంటూ తమరి దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. తర్వాత మాకు బాగా అలవాటైపోయిన ఆ ఒక్క మాట. "రిపీట్."

తమరి ఉద్యోగం ఏంటో ఒకసారి గుర్తు చేస్తాను, ఏమనుకోకండి. పీసీఆర్ అంటే డీఎన్‌ఏ ముక్కకి కాపీలు తీయడం, అందుకు మిగతా ట్యూబుల్లో పోసేవన్నీ మీకూ పోస్తాం, బఫర్, డీఎన్‌టీపీలు, కాపీ ఎక్కడ మొదలవాలో చూపే ప్రైమర్లు, కాపీ తీసే ట్యాక్ ఎంజైమ్, దేంట్లోనూ తక్కువ చేయలేదు. డీఎన్‌ఏ ఒక్కటే వేయం, దాని బదులు నీళ్లు. మీ లేన్ ఖాళీగా ఉంటేనే మా ఫలితాన్ని నమ్మొచ్చు, వెలిగితే బయటి డీఎన్‌ఏ ఎక్కడినుంచో దూరినట్టు. అంటే మీరు చేయాల్సిన పని ఏమీ చేయకపోవడం. ఎంత గొప్ప పోస్టండీ అది! మా తమ్ముడికి ఇస్తే డిస్టింక్షన్‌లో పాసయ్యేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చోండి అంటే, అది కూడా మీవల్ల కాలేదు.

ఫస్టియర్, సెకండియర్‌లో ప్రాక్టికల్స్ ఎంత హాయిగా ఉండేవో. రికార్డులో "ఫలితం" దగ్గర ఏం రాయాలో ప్రయోగం మొదలుకాకముందే క్లాసు మొత్తానికి తెలుసు, సీనియర్ల రికార్డులు ఉన్నదే అందుకు కదా. ఈ సెమిస్టర్‌లో మాత్రం కోర్సులోనే నిజం రీసెర్చ్ అన్నారు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లలో, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ సైంటిస్టులు పేపర్ వేశారు, ఆ పేపర్ చదివి మేడమ్‌కి మన మూసీ సంగతేంటని డౌట్ వచ్చింది. మేం వెళ్లి నాగోల్ దగ్గర ముక్కు మూసుకుని నీళ్లు పట్టుకొచ్చి, ఆ మందే కలిపిన అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద పరిస్తే, తెల్లారేసరికి ప్లేట్ నిండా కాలనీలు. చావాల్సినవి చావలేదు. అవి ఏ బ్యాక్టీరియానో ఎవరికీ తెలీదు, మేడమ్‌కి కూడా. "నాకూ తెలీదు" అని ఒక లెక్చరర్ నోటితో వినడం నాకు అదే ఫస్ట్ టైమ్, అబద్ధం చెప్పను, గూస్‌బంప్స్ వచ్చినయ్.

తెలుసుకోవాలంటే ప్రతి బ్యాక్టీరియాలో ఉండే 16ఎస్ జీన్‌ని పీసీఆర్‌లో పెంచి, దాని అక్షరాలు చదివే సీక్వెన్సింగ్‌కి పంపాలి. మీరు ఖాళీగా ఉంటేనే పంపుతారు. మీరు ఉండరు. అక్కడే ఆగిపోయినం.

మీకోసం ఏం చేయలేదు చెప్పండి? కొత్త నీళ్లు తెచ్చినం. ప్రైమర్లని కొత్తగా చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచినం. పిపెట్‌కి పెట్టే ఫిల్టర్ టిప్స్ కోసం పీజీ ల్యాబ్ వాళ్ల కాళ్లు పట్టుకున్నంత పని అయింది. బ్లీచ్‌తో బెంచ్ తుడిచి తుడిచి నా ఆప్రాన్ సగం తెల్లగా సగం ఇంకా తెల్లగా అయింది. మిక్స్ కలపడానికి వేరే రూమ్ ఉండాలంటే స్టోర్ రూమ్ ఇచ్చారు, అందులో ఫ్యాన్ లేదు, మూలపడ్డ మైక్రోస్కోప్‌లూ కాలు విరిగిన స్టూళ్లూ మాత్రం ఉన్నయ్. నా ఫ్రెండ్ ఒకతి మీ మూత పెట్టేటప్పుడు ఊపిరి కూడా బిగబడ్తది. అటెండర్ అంకుల్ అయితే దసరాకి ఆటోక్లేవ్‌కి బొట్టు పెట్టి పీసీఆర్ మెషిన్‌ని మర్చిపోయారంట, అందుకే ఇట్లయితుందని ఆయన ఫీలింగ్. ఈ స్టేజ్‌లో నేను కాదనలేను.

ఫ్యాన్ లేదని నసిగితే మేడమ్ రోనాల్డ్ రాస్ కథ మొదలుపెడతారు. 1897 ఆగస్టు 20న ఇక్కడే సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, పంఖా ఊపితే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చున్నాడు అని. నిజమే మేడమ్, కానీ ఆ దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. మాకు అణా లేదు, అటెండెన్స్ కూడా లేదు, ఎందుకంటే రన్ అయ్యేసరికి తర్వాతి క్లాస్ అయిపోతుంది.

ఇంక మర్యాద నావల్ల కాదు. ఏంది నీ బాధ? ఎక్కడిదా డీఎన్‌ఏ? 35 సైకిల్స్ పెడుతున్నం, సైకిల్‌కి డబుల్ అనుకుంటే ఒక్క ముక్క దూరినా లెక్క ప్రకారం 3,400 కోట్ల కాపీలు దాటుతది, కోకాపేటలో భూమి రేటు కూడా అంత స్పీడ్‌గా పెరగలేదు. ఆ ఒక్క ముక్క నీకు ఎవరిచ్చారు? నిన్న రాత్రి ఎల్బీనగర్ మెట్రోలో నిలబడి ఇదే వెతికితే తెలిసిందేంటంటే, మేం కొనే ట్యాక్ చాలావరకు ఈ కోలై (E. coli) అనే బ్యాక్టీరియాలో తయారు చేస్తారంట. వేడి నీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియా ఎంజైమ్‌ని ఈ కోలైతో చేయించి, శుభ్రం చేసి సీసాలో పోస్తారు, ఎంత శుభ్రం చేసినా ఆ ఈ కోలై డీఎన్‌ఏ కొంచెం మిగలొచ్చు. మా ప్రైమర్లేమో ఏ బ్యాక్టీరియా కనబడినా అతుక్కునే రకం. అంటే మేం నీళ్లని, టిప్పులని, ఒకరినొకరు అనుమానించుకుంటుంటే దొంగ మేం డబ్బులిచ్చి కొన్న సీసాలోనే ఉండొచ్చు. అది నీకు ముందే తెలుసు. రోజూ వెలిగి మరీ చెప్పినవ్. మాకే అర్థం కాలేదని కూడా అనను, నువ్వు చెప్పే పద్ధతే బాలేదు.

అసలు మంట అది కాదులే. పక్క బ్యాచ్ వాళ్లకీ నువ్వు వచ్చినవ్. నేను కళ్లారా చూసినా. వాళ్లు ఏం చేశారు? ఫోటోలో చివరి లేన్ క్రాప్ చేశారు. అయిపోయింది. సీక్వెన్సింగ్‌కి వెళ్లింది, రిజల్ట్ వచ్చింది, పోస్టర్ ప్రింట్ అయింది, ఇంటర్నల్స్‌లో మార్కులు పడ్డయ్, వాళ్లిప్పుడు క్యాంటీన్‌లో ఇరానీ చాయ్ తాగుతూ మమ్మల్ని "ఇంకా అయిపోలేదా" అని అడుగుతున్నరు. నిన్ను దాచినోళ్లకి పోస్టర్, నిన్ను చూపించినోళ్లకి రిపీట్. ఇంట్లో అమ్మ అడుగుతది రోజూ, "ఏమన్నా కనిపెట్టినవా బిడ్డా" అని. నీళ్లలో డీఎన్‌ఏ కనిపెట్టినా అని ఎట్ల చెప్పాలె?

రేపు 28 సైకిల్స్‌తో పెడుతున్నం. మా శాంపిల్స్‌లో డీఎన్‌ఏ కావాల్సినంత ఉంది, అవి ఎట్లయినా వస్తయ్. నీకు దూరింది చిటికెడే అయితే నువ్వు కనబడొద్దు. కనబడినా సరే క్రాప్ మాత్రం చేయను, ఫుల్ జెల్ ఫోటో నీ లేన్‌తో సహా రికార్డులో అంటిస్తా, ఎక్స్‌టర్నల్ వచ్చి ఇదేంటని అడిగితే నువ్వే చెప్పుకో.

ఇట్లు,
మూసీ నీళ్ల బ్యాచ్

తా.క.: పక్క బ్యాచ్ పోస్టర్‌లో పెద్దక్షరాలతో "మూసీలో ఈ కోలై గుర్తింపు" అని ఉంది. మూసీలో ఈ కోలై ఉండటం వింతేం కాదు. కానీ వాళ్లు గుర్తించింది మూసీదో సీసాదో నీకు తెలుసు, నాకు తెలుసు.