ప్లుటోనియానికి ఉడుంపట్టు

అణు ప్రమాదం అనగానే అందరికీ గుర్తొచ్చేది అయోడిన్ మాత్ర. రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్‌ను కాపాడటం వరకే దాని పని. అణు బాంబుల్లో వాడే రేడియోధార్మిక లోహం ప్లుటోనియం ఊపిరితో లోపలికి పోతే ఆ మాత్ర ఎందుకూ కొరగాదు. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్, ప్లుటోనియాన్ని కూడా ఇనుములాగే మోసుకెళ్తుంది. ఎముకల్లో చేరినది సగానికి తగ్గడానికే సుమారు 50 ఏళ్లు పడుతుంది.

దానికి ఉన్న మందు డీటీపీఏ. ఒంట్లోని ఇలాంటి లోహాలను పట్టుకుని మూత్రంతో బయటికి పంపుతుంది. 1976లో అమెరికాలోని హాన్‌ఫర్డ్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదంలో, ప్లుటోనియంలాంటిదే అయిన అమెరీషియం ఒంటినిండా పడ్డ కార్మికుడు హెరాల్డ్ మెక్లస్కీకి ఇచ్చింది ఇదే. ఆయన ఆ తర్వాత 11 ఏళ్లు బతికారు. మంచి మందే, కానీ ప్రధానంగా సెలైన్‌లా నరానికి ఎక్కించాలి, మొదటి 24 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. పైగా ఒంట్లోని జింక్‌నూ లాగేస్తుంది. వేలమంది ఒకేసారి వస్తే ఎవరికని ఎక్కిస్తాం?

అందుకే ప్లుటోనియాన్ని పట్టుకునేలా అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు రూపొందించిన హోపో అణువు గురించి గట్టిగా చెప్పాలి. బ్యాక్టీరియా ఇనుము కోసం సిడరోఫోర్లు అనే అణువులను బయటికి వదులుతుంది. అవి ఇనుమును ఉడుంలా పట్టుకుంటాయి. ప్లుటోనియం రసాయన గుణాలు ఇనుముకు దగ్గరగా ఉంటాయి కాబట్టి, ఆ పట్టునే దీనికీ వాడొచ్చని బర్క్‌లీలోని కెన్నెత్ రేమండ్ బృందం ఆలోచించింది. ఇనుముకు ఆరు చోట్ల పట్టు చాలు. ప్లుటోనియం అయాన్ పెద్దది, దానికి ఎనిమిది కావాలి. అందుకని ఎనిమిది ఆక్సిజన్ పరమాణువులు చుట్టూ మూసుకునేలా అణువును కట్టారు. ఎంత అందమైన ఆలోచన! జంతువుల్లో నోటి ద్వారా ఇచ్చినా ఇది పనిచేసింది. మనుషుల్లో ఇది సురక్షితమేనా అని చూసే తొలి దశ పరీక్ష 2023లో మొదలైంది.

ఇలాంటి ప్రమాదాలు అరుదు, ఇంత ఖర్చు దేనికి అంటారు కొందరు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో అణు కేంద్రమే లేదు. వదిలేసిన రేడియోథెరపీ యంత్రంలోని సీజియం అనే రేడియోధార్మిక పదార్థం 249 మందిని తాకింది, నలుగురు చనిపోయారు. సీజియాన్ని ఒంట్లోంచి బయటికి పంపే ప్రష్యన్ బ్లూ అప్పటికే తెలిసిన మందు కాబట్టే 46 మందికి ఇవ్వగలిగారు. ప్రమాదం జరిగాక మందు కనిపెట్టడం కుదరదు.

రోజూ అమ్ముడుపోని మందు మీద కంపెనీలు డబ్బు పెట్టవు. ఆ భారం ప్రభుత్వాలదే. అసలు బ్యాక్టీరియా ఇనుమును ఎలా సంపాదించుకుంటుందో చూసిన తొలి శాస్త్రవేత్తలు ప్లుటోనియం కోసం ఆ పని మొదలుపెట్టలేదు. ఉత్త కుతూహలంతో అడిగిన ప్రశ్న అది. ఇవాళ అలాంటి ప్రశ్నతో నిధులు అడిగితే ముందు ఎదురయ్యేది ‘దీనివల్ల లాభమేంటి’ అనే గడి. దరఖాస్తుల్లోంచి ముందు ఆ గడిని తీసేయాలి.