శిక్ష కాదు, వర్గీకరణ మాత్రమే

అమెరికా జైళ్ల పరిభాషలో అన్నిటికన్నా అమాయకమైన మాట ‘వర్గీకరణ’. ఉత్తరాలను అరలలో సర్దినంత నిర్మమకారంగా మనుషులు ఎంత ప్రమాదకారులో అంచనా కట్టి అంకెలు వేస్తారు. 2005 నాటికి ఒహాయో రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న అంకెల్లో ఐదు పడినవాడికి, 1998లో యంగ్స్‌టౌన్‌లో తెరిచిన సూపర్‌మాక్స్, అంటే అత్యంత కట్టుదిట్టమైన జైలు సిద్ధంగా ఉండేది. ఏడడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు ఉన్న గదిలో రోజుకు 23 గంటలు ఒంటరిగా ఉండాల్సివచ్చేది. పక్క గదివాడి మాట వినబడకుండా తలుపు అంచులకు కూడా లోహపు పట్టీలు బిగించారు.

అక్కడి దీపాన్ని ప్రస్తావించకపోతే అపచారం. అది రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉండేది, అప్పుడప్పుడు దయతలచి కాస్త మందగించేది. వెలుతురుకు ఏదైనా అడ్డం పెట్టుకొని నిద్రపోదామనుకున్న ఖైదీ క్రమశిక్షణ చర్యకు పాత్రుడయ్యేవాడు. ఈ సంగతి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోనే నమోదై ఉంది. దేవుడిచ్చిన కనురెప్పలు కూడా ప్రభుత్వ దీపానికి అడ్డమేనని ఇంకా ఎవరికీ తోచలేదు. తోచిన రోజున వాటికీ ఒక అంకె వేస్తారు, అభ్యంతరాలు రాతపూర్వకంగా సమర్పించుకొమ్మని రెప్పలకే నోటీసు ఇస్తారు.

ఇంత జీవితాన్ని కేవలం పరిపాలనా ఏర్పాటు అనడం కుదరదని 2005లో, ఖైదీలు వేసిన విల్కిన్సన్ వర్సెస్ ఆస్టిన్ కేసులో ఆ కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. సంతోషించాం. ఆ వెంటనే, నోటీసు ఇచ్చి, ఖైదీ చెప్పుకున్నది విని, కారణాలు రాసిస్తే చాలునన్నారు. తన తరఫున సాక్షిని పిలిపించుకునే హక్కు మాత్రం అక్కర్లేదన్నారు. జైళ్లలో ముఠాల భయం ఉందట, ఖజానాలో డబ్బు కొరత ఉందట.

ముఠాలు లేవని ఎవరన్నారు? కాని ముఠాలో ఉన్నాడని ఒకణ్ణి అనుమానించినప్పుడు, ఆ మాట అబద్ధమని చెప్పగల ఒకే ఒక్క మనిషిని గడప తొక్కనివ్వకపోతే, అంకెను తేల్చడానికి కూర్చున్న ఆ మూడు కుర్చీల కమిటీ విన్నది ఏమిటి? ఆ అంకె పడ్డాక, షరతులపై ముందుగా విడుదలయ్యే అర్హత ఉన్నవాడికి కూడా ఆ అవకాశం పోయేది. మనిషి బతుకులోంచి ఏళ్లకేళ్లు కోసేసి, ఇది శిక్ష కాదని చెప్పడానికి సిగ్గుండాలి.

సమీక్ష లేదని మాత్రం అనకండి. చేరిన 30 రోజులకు ఒకటి, ఆపైన ఏడాదికొకటి జరిగేది. ఆ రోజు కాగితాలు తిరగేసే అధికారి ఖైదీ ప్రవర్తన మెరుగుపడిందా అని శ్రద్ధగా చూస్తాడనీ, నమోదైన నేరం ఒకే ఒక్కటి అతనికి కనబడుతుందనీ ఊహించుకోండి: దీపానికి తువ్వాలు అడ్డం పెట్టెను, రెండు పర్యాయములు.