పిటిషన్ అప్రూవ్ అయింది సరే, క్యూ మాటేంటి?

మొన్నాదివారం మారతహళ్లిలో మెస్సులో గోంగూర కలుపుకుంటుంటే ఓ తమ్ముడు ఫోన్ చూపించాడు, "అన్నా, ఎన్‌ఐడబ్ల్యూ అప్రూవ్ అయింది" అని. అదే, కంపెనీ స్పాన్సర్ లేకుండా అమెరికా గ్రీన్‌కార్డు కోసం మనమే వేసుకునే పిటిషన్. ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ, బ్యాటరీ మెటీరియల్స్ మీద. టేబుల్ దగ్గరున్నోళ్లంతా పార్టీ పార్టీ అంటున్నారు, నాకేమో నోరాగక "నువ్వు పుట్టిందెక్కడ్రా" అని అడిగేశా. నెల్లూరంట. ఇంకేం, పార్టీ మూడ్ మొత్తం పోయింది.

ఎందుకంటే అమెరికా వాళ్ల 1990 చట్టం ప్రకారం ఉద్యోగాల కోటా కింద గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో భార్యాపిల్లల లెక్క కూడా కలిసే ఉంటుంది, పైగా ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతం దాటకూడదని పరిమితి. ఐస్‌లాండ్‌కీ అంతే, మనకీ అంతే. ఎన్‌ఐడబ్ల్యూ అనేది ఈ కోటాలో రెండో కేటగిరీ అయిన ఈబీ-2 కిందకొస్తుంది, 2025 చివర్లో ఇండియా ఈబీ-2 క్యూ ఇంకా 2013 దగ్గరే ఉండింది. అంటే మా తమ్ముడు టెన్త్ చదివే రోజుల్లో అప్లై చేసినవాళ్ల వంతు అప్పుడొచ్చిందన్నమాట. శుభలేఖలు అచ్చేయించుకుని ముహూర్తం కోసం పదేళ్లు కూర్చున్నట్టు.

అలాగని వేస్ట్ అనను. ఎన్‌ఐడబ్ల్యూతో వచ్చిన ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన చోటు చెప్పే తేదీ, రేపు ఈబీ-1ఏ (మొదటి కేటగిరీలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చేది) వేసి అదీ అప్రూవ్ అయితే దానికి వాడుకోవచ్చు, కాబట్టి టోకెన్ ముందే తీసుకోవడం తెలివైన పనే. ఇంకో దారి కూడా ఉంది, భార్యో భర్తో వేరే దేశంలో పుట్టుంటే ఆ దేశం లెక్కలో వెళ్లొచ్చు. కడప వైపు కువైట్‌లో పుట్టిన పిల్లలు బోలెడుమంది, సంబంధాలు చూసేటప్పుడు ఈ పాయింట్ ఎవరూ అడగరనుకుంటా!

అసలు గురిపెట్టాల్సింది ఈబీ-1ఏ మీద. స్పాన్సర్ అక్కర్లేదు, అమెరికాలో ఉద్యోగం చేతిలో ఉండక్కర్లేదు, బెంగళూరులో కూర్చునే వేసుకోవచ్చు. ఇండియా ఈబీ-1 క్యూ కూడా 2025లో 2022 మొదట్లోనే ఆగింది గానీ 2013తో పోలిస్తే అది స్వర్గం. పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపించాలి, రీసెర్చర్లకి మామూలుగా దొరికేవి పేపర్లు, పీర్ రివ్యూ (వేరేవాళ్ల పేపర్లు పరిశీలించడం), ఒరిజినల్ కాంట్రిబ్యూషన్. మూడూ ఉన్నాయి కదా అని టిక్కులు పెట్టుకుంటే సరిపోదు, 2010లో కజారియన్ కేసు తీర్పు తర్వాత నుంచి ఆఫీసర్లు రెండో అంచెలో మొత్తం ఫైలు కలిపి చూస్తారు, ఈ మనిషి నిజంగా తన ఫీల్డులో పైవరసలో ఉన్నాడా అని.

ఇక్కడే మనోళ్లు బోల్తా పడేది. ప్రొఫైల్ బిల్డింగ్ అని ఓ దందా నడుస్తోంది, డబ్బు కడితే అవార్డు, డబ్బు కడితే పేపర్లో వార్త, ఎక్కడో పోటీకి జడ్జి పోస్టు. నాకూ ఒకాయన ఫోన్ చేసి ప్యాకేజీ చెప్పాడు, పెళ్లి కేటరింగ్ మెనూ చదివినట్టే చదివాడు. అవార్డు ఎవరిచ్చారు, ఎంతమందిలోంచి ఎలా ఎంపిక చేశారు అని ఆఫీసర్ తిరిగి అడిగితే చెప్పడానికేముంటుంది? కావాలని అబద్ధం చెప్పారని తేలితే అమెరికా వీసాకి జీవితాంతం అనర్హత పడే ప్రమాదం కూడా ఉంది.

నిజంగా పని చేసినోళ్ల బాధ ఇంకో రకం. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆర్‌అండ్‌డీ సెంటర్లలో ఉన్నోళ్లకి పేపర్లు వేయడానికి కంపెనీ ఒప్పుకోదు, పేటెంట్ మీద ఎనిమిది పేర్లుంటాయి, అందులో మన వాటా ఎంతో మనకే తెలీదు. పేటెంట్ ఉందంటే సరిపోదు, దాన్ని ఎవరు వాడారో చూపించాలి. సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో మన పేపర్ని ప్రస్తావించడం, అదీ అంతే, ఇన్నుంటే చాలని చట్టంలో అంకె ఏమీ లేదు. మూడొందల మంది ఇంట్రడక్షన్‌లో ఓ లైన్ రాసి వదిలేయడం కంటే ఎక్కడో ఒక ల్యాబు నీ మెథడ్ తీసుకుని నిజంగా బ్యాటరీ సెల్ తయారుచేసిందంటే నా దృష్టిలో అదే బలమైన సాక్ష్యం.

మన డబ్బా మనం కొట్టుకుంటే చెల్లదు, ఎదుటోడు కొట్టాలి. గైడూ కొలీగులూ ఇచ్చే సిఫార్సు లెటర్లు ఎటూ ఉంటాయి, బరువుండేది మన మొహం ఎప్పుడూ చూడకుండా పని మాత్రమే చూసినోళ్ల లెటర్‌కి. చాలా ఫైళ్లలో లాయరే అన్నీ రాసి సంతకాలు పెట్టిస్తాడు, అందుకే ఆరు లెటర్లూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. ముక్కూమొహం తెలీని ప్రొఫెసర్‌ని అడగాలంటే మనకేమో మొహమాటం, ఎనిమిదేళ్లు ల్యాబులో కష్టపడ్డానికి లేని మొహమాటం ఒక్క మెయిల్ దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుందో!

మా తమ్ముడి పద్ధతిని కొరియాలో ఒకాయన వాడి పేపర్ వేశాడంట. ఆయనకి మెయిల్ రాయమన్నా. మావాడు రాశాడు, మూడుసార్లు మార్చాడు, నిన్న అడిగితే ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉందన్నాడు.