షెల్బీ కుటుంబానికి అసలు పెద్ద పాలీ గ్రే

బ్రిటిష్ టీవీ ధారావాహిక 'పీకీ బ్లైండర్స్' అనగానే మన తెలుగువారి స్టేటస్‌లలోనూ రీల్స్‌లోనూ కనిపించేది టామీ షెల్బీ ముఖమే. సిగరెట్టు, టోపీ, నింపాదైన నడక, వాటి కింద మగతనాన్ని పొగిడే నాలుగు వాక్యాలు. టామీగా కిలియన్ మర్ఫీ నటన గొప్పదనడంలో నాకు రెండో మాట లేదు. అయినా 36 భాగాల ఈ ధారావాహికను నిలబెట్టింది టామీ మేనత్త పాలీ గ్రే అనీ, ఆ సంగతిని దాన్ని తీసినవాళ్ళే మధ్యలో మరిచిపోయారనీ నా గట్టి అభిప్రాయం.

కథ 1919లో బర్మింగ్‌హామ్ నగరంలోని స్మాల్ హీత్‌లో మొదలవుతుంది. మగవాళ్ళు ఫ్రాన్సు యుద్ధభూమి నుంచి తిరిగివచ్చారు. వాళ్ళు లేనన్నాళ్ళూ, చట్టం ఒప్పుకోని ఆ కుటుంబపు గుర్రప్పందేల వ్యాపారాన్ని పడిపోకుండా నడిపింది పాలీ. మొదటి సీజన్‌లోనే ఒక కుటుంబ సమావేశంలో ఆమె ఈ విషయం ఎత్తి, ఇప్పుడు ఏం మారిందని నిలదీస్తుంది. మేము తిరిగివచ్చాము కదా అన్నదే టామీ ఇచ్చే సమాధానం. ఆనాటి బ్రిటన్ చరిత్ర అంతా ఆ ఒక్క సంభాషణలో ఉంది. యుద్ధకాలంలో మగవాళ్ళ పనుల్లోకి వచ్చిన స్త్రీలలో ఎంతోమంది, యుద్ధానికి ముందున్న పద్ధతులను పునరుద్ధరిస్తూ 1919లో వచ్చిన చట్టంతో ఆ పనులు వదులుకోవలసి వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఓటు హక్కు కూడా ముప్పై ఏళ్ళు నిండి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకే దక్కింది. మేనత్త మాటకు ఇంట్లో ఎంత బరువు ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి మనిషి చేతిలోంచి లెక్కల పుస్తకం జారిపోవడాన్ని పాలీగా నటించిన హెలెన్ మెక్‌క్రోరీ పెద్దగా గొంతు కూడా పెంచకుండా చూపించింది.

రెండో సీజన్ వరకూ రచయిత స్టీవెన్ నైట్ ఆమెకు న్యాయమే చేశాడు. అధికారులు ఎత్తుకుపోయిన ఇద్దరు పిల్లల్లో కూతురు చనిపోయిందని తెలుసుకోవడం, కొడుకు మైకేల్ ఎదిగి గుమ్మంలోకి రావడం, అతన్ని జైలు నుంచి విడిపించడానికి వెళ్ళిన తనపై అత్యాచారం చేసిన పోలీసు అధికారి క్యాంప్‌బెల్‌ను ఎప్సమ్ గుర్రప్పందేల దగ్గర స్వయంగా కాల్చి చంపడం, ఇవన్నీ ఆమె సొంత కథలు. ఆ తర్వాత ఆమె బాధ క్రమంగా టామీ ఎత్తుగడలకు ముడిసరుకుగా మారింది. నాలుగో సీజన్‌లో ఉరితాడు నుంచి ఆఖరి క్షణంలో బయటపడిన స్త్రీ మనసు ఏమవుతుందన్నది ఒక సీజన్ మొత్తానికి సరిపోయే విషయం. దానికి దక్కినవి కొద్ది సన్నివేశాలు మాత్రమే.

జెస్సీ ఈడెన్ విషయంలో నాకు ఇంకా ఎక్కువ కోపం ఉంది. ఆమె కల్పిత పాత్ర కాదు. 1931లో బర్మింగ్‌హామ్‌లోని లూకస్ కర్మాగారంలో పనివేగాన్ని పెంచే పద్ధతికి ఎదురు నిలిచి, వేలాది మంది స్త్రీలను సమ్మెకు నడిపిన కార్మిక నాయకురాలు. అటువంటి మనిషిని తెరమీదికి తెచ్చి, టామీ ఆమెకు దగ్గరై విప్లవకారుల సమాచారం రాబట్టే కథలో ఇరికించడం అన్యాయం. చరిత్ర నుంచి పేరు తీసుకున్నప్పుడు ఆ మనిషి పౌరుషాన్ని కూడా తీసుకోవాలి.

మెక్‌క్రోరీ 2021 ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో కన్నుమూసింది. 2022లో వచ్చిన ఆరో సీజన్ పాలీ మరణంతోనే మొదలైంది. ఆ పాత్రను మరొక నటికి ఇవ్వకపోవడం గౌరవప్రదమైన నిర్ణయం, దానికి నేను తలవంచుతాను. కానీ ఆ సీజన్‌లోనే టామీ లేని వేళ కుటుంబ పగ్గాలు అందుకున్న అతని చెల్లెలు ఏడా, పాలీ తర్వాత అంతటి తెలివి, తెగువ ఉన్న ఏకైక షెల్బీ. ఏడాగా సోఫీ రండిల్ ఆ కుర్చీలో కూర్చున్న తీరు చూస్తేనే ఆమె ఎంత దూరం వెళ్ళగలదో అర్థమవుతుంది. ఆమెను అక్కడే ఉంచి కథ నడపవలసింది. టామీ తిరిగిరాగానే మళ్ళీ పక్కకు జరిపేశారు.