పాసో ఫెయిలో చెప్పని ప్రోగ్రెస్ రిపోర్టు గారికి

మహారాజశ్రీ ఇంటర్నేషనల్ స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టు గారికి,

బాదేపల్లి మార్కెట్‌లో పల్లీల అడ్తి దుకాణం నడుపుకునే ఒక ఆరో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. (ఆరో తరగతి అనకూడదట, గ్రేడ్ సిక్స్ అనాలట. ఒక్కసారికి మన్నించండి.) మీ క్షేమం నేను అడగక్కర్లేదు. నిగనిగలాడే కాగితం, బోలెడు పేజీలు, ప్రతి పేజీ మూలన ఒక గ్లోబు. నా పెళ్లి పత్రిక కూడా ఇంత ఘనంగా అచ్చు వేయించలేదు మా నాయిన.

మీరు ఇంటికొచ్చిన రోజు మా అమ్మ అడిగింది ఒక్కటే మాట. "పిల్ల పాసయిందారా?" దాని కోసం మిమ్మల్ని అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. 'ఎమర్జింగ్', 'డెవలపింగ్', 'ఎక్సీడింగ్' అని మాటలున్నాయి, పక్కన రంగురంగుల చుక్కలున్నాయి. అంకె అన్నది పేజీ నంబరు దగ్గర తప్ప ఎక్కడా లేదు. "లెక్కల్లో ఎక్సీడింగ్ అటనే అమ్మా" అన్నాను. ఆమె పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "డాక్టర్‌కు చూపించినవా?" అంది.

ఆ లెక్కల సంగతే మీతో మాట్లాడాలి. మొన్న ఆదివారం పిల్ల దుకాణానికి వచ్చింది. 3 క్వింటాళ్ల 40 కిలోల పల్లీలు, క్వింటా 6,500. ఎంతయిందో చెప్పమన్నాను. ఫోన్ ఇవ్వమంది. ఫోన్ వద్దు, నోటితో చెప్పమన్నాను. కాగితం అడిగి, రెండు బాణం గుర్తులు గీసి, ఒక డబ్బా గీసి, "ఫస్ట్ మనం ప్రాబ్లమ్‌ను ఫీల్ అవ్వాలి డాడీ" అంది. ఆమె ఫీల్ అవుతుండగానే బస్తా దించుతున్న హమాలీ "22,100 సేటూ" అని చెప్పి ఇంకో బస్తాకు వెళ్లాడు. ఆయన ఏ గ్రేడో మీరే చెప్పాలి.

పిల్లకు తెలివి లేక కాదు. అడిగితే సౌరకుటుంబం మీద ఇంగ్లిష్‌లో పది నిమిషాలు ఆగకుండా చెబుతుంది, నాకే ముచ్చటేస్తుంది. ఆమెకు ఏది వచ్చు, ఏది రాదు అని చెప్పాల్సినవారు మీరు. ఆ ఒక్క పని తప్ప అన్నీ చేశారు. మా మార్కెట్‌లో రైతు కుప్ప పోస్తే తేమ చూస్తాం, గింజ ఒలిచి చూస్తాం, ధర చెబుతాం. "నీ పల్లీలు డెవలపింగ్‌లో ఉన్నాయి, చాలా సంతోషం" అని పంపిస్తే సాయంత్రానికి దుకాణం మీద రాళ్లు పడతాయి.

టీచరు గారి అభిప్రాయం పేజీ కూడా చదివాను. 'హీ ఈజ్ ఎ జాయ్ టు టీచ్' అని ఉంది. మాది ఆడపిల్ల. పక్కింటి పిల్లవాడి రిపోర్టు తెచ్చి చూస్తే అదే వాక్యం, అదే ఫుల్‌స్టాప్. వాడిది కరెక్టుగా కుదిరింది.

మీ అన్నగారు బ్రోచర్ గారు తన ఒంటి మీద 'ఐబీ, కేంబ్రిడ్జ్ స్ఫూర్తితో రూపొందించిన పాఠ్యక్రమం' అని రాసుకున్నారు. ఆ స్ఫూర్తి ఎక్కడిదో నేనూ కాస్త తెలుసుకున్నాను. ఐబీ అంటే ఇంటర్నేషనల్ బాకలారియట్ అనే విదేశీ బోర్డు, 1968లో జెనీవాలో పుట్టింది. దాని డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7, వ్యాసం లాంటి మిగతా పనులన్నిటికీ కలిపి 3, మొత్తం 45. 24 రాకపోతే డిప్లొమా చేతికి రాదు. 4,000 పదాల దాకా వ్యాసం కూడా రాయాలి, అదీ సొంతంగా. కేంబ్రిడ్జ్ వాళ్లు పదో తరగతి ఈడు పిల్లలకు పెట్టే ఐజీసీఎస్ఈ పరీక్షలు 1988లో మొదలయ్యాయి. పైన ఏ స్టార్ నుంచి కింద జీ దాకా గ్రేడ్లు, జీ కూడా అందకపోతే 'యు' అని పెట్టి పంపిస్తారు. పేపరు దిద్దేవాళ్లకు పిల్ల ముఖం తెలియదు, తండ్రి దుకాణం తెలియదు. తక్కువ మార్కు వేయడానికి వాళ్లకు మొహమాటం ఉండదు.

మీరు అక్కడి నుంచి గ్లోబు తెచ్చుకున్నారు, మాటలు తెచ్చుకున్నారు, ఫెయిల్ చేసే ఆ పరీక్షను మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు. అసలు ఐబీ స్కూలు కావాలంటే వాళ్ల అనుమతి కావాలి. స్ఫూర్తి పొందడానికి అక్కర్లేదు కాబోలు. పదో తరగతికి వచ్చేసరికి మా పిల్ల రాసేది సీబీఎస్ఈ, అక్కడ 33 వస్తే పాస్. వీధి చివర సర్కారు బడి పిల్లలకు 35, హిందీకైతే 20 చాలు. ఆ బడిలో మాస్టారు ఎదురుపడితే నోటితోనే చెప్పేస్తాడు, "నీవోడికి భాగాహారం రాదన్నా" అని. ఏ కాగితమూ అక్కర్లేదు.

ర్యాంకుల పిచ్చి నాకూ పడదు. పిల్లల ఫొటోలు కరెంటు స్తంభాలకు కట్టే కాలేజీలను చూసి భయపడి మీ దగ్గరికి వచ్చాను. వాళ్లు అంకె తప్ప మనిషిని చూడరు, మీరు అంకె అంటేనే వణుకుతారు.

అంకెలు మీకు రావని కాదండీ. ఫీజు మెసేజ్‌లో రూపాయి తేడా ఉండదు. ఆలస్యమైతే రోజుకింత అంటూ అన్నీ లెక్కగానే వస్తాయి. అడ్మిషన్ నాడు మా ఆవిడకూ నాకూ ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. అందులో నేను ఫెయిలై ఆవిడ పాసైన సంగతి మాత్రం ఐదు నిమిషాల్లో చెప్పారు. పిల్లను గానీ తల్లిదండ్రులను గానీ అట్లా వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లో ఉంది, మొదటిసారి తప్పుకు 25,000 దాకా జరిమానా అని కూడా ఉంది.

తెలుగు దగ్గర చుక్క కూడా పెట్టలేదు, గీత గీశారు. ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి అని రాష్ట్రంలో 2018లోనే చట్టం వచ్చింది. జడ్చర్ల బస్టాండ్‌లో నాగర్‌కర్నూల్ బోర్డు మా అమ్మ అడిగితే పిల్ల చదవలేకపోయింది. ఇద్దరూ కండక్టర్‌ను అడిగి ఎక్కారు.

మిమ్మల్ని పెద్దగా ఏమీ కోరను. వచ్చే టర్మ్‌కు ఒక్క పేజీ చాలు. భిన్నాలు వచ్చా రావా, తెలుగు చదువుతుందా లేదా, ఇంగ్లిష్‌లో తనంతట తాను అరపేజీ రాయగలదా. వస్తే వచ్చు, రాకపోతే రాదు. రాదని రాస్తే స్కూలు మారుస్తానని భయపడకండి, కూర్చోబెట్టి నేర్పిస్తాను.

ఇట్లు,
మీ గ్లోబుల సాక్షిగా,
పల్లీల సేటు

తా.క.: 'పేరెంట్ కామెంట్' కోసం వదిలిన జాగాలో స్కూలు గురించి 'డెవలపింగ్' అని రాసి సంతకం పెట్టాను. మూడో టర్మ్ ఫీజు ఎప్పుడు కడతారని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎమర్జింగ్ అని చెప్పండి.