బేస్‌మెంట్‌లో వయ్యారిభామ

కలుపు ఎక్కువైందని లోకమంతా ఏడుస్తుంటుంది. నాకు చాలడం లేదు. దీని మీద ఇంతవరకూ ఏ పత్రికా సంపాదకీయం రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఒహాయోలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో, బల్ల మీద, బొర్రా గుహలు రైల్వే స్టేషన్ కడుతున్నాను. హెచ్ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. పట్టాలు, పెట్టెలు, సిగ్నళ్ళు డబ్బు పారేస్తే వస్తాయి. చెట్టే రాదు. కొట్లో దొరికే నాలుగంగుళాల చెట్టు పసిపిల్లాడు ఉమ్మేసిన బ్రోకలీ ముక్కలా ఉంటుంది. లెక్కకడితే అది 29 అడుగులే. అరకు కాఫీతోటకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ 87 అడుగులుంటే నా బల్ల మీద నిక్కచ్చిగా అడుగుండాలి. నాటి చూశాను. దాని మొదట్లో ఇంజన్ ఎవరో విడిచిన చెప్పులా ఉంది. చూడవచ్చిన వాళ్ళంతా "చెట్లు మరీ పెద్దవయ్యాయేమో" అన్నారు. వీళ్ళెవరూ జన్మలో తలెత్తి చెట్టును చూడలేదని నా నిశ్చితాభిప్రాయం.

గడ్డి ఇంకో శాస్త్రం. నైలాన్ పోచలకి కరెంటు పట్టించి తడి జిగురు మీద రాలిస్తే నిటారుగా లేచి నిలబడతాయి. 12 మిల్లీమీటర్ల పోచ అంటే అసలు లెక్కలో మీటరు పైనే, గేదె పడుకుంటే కనబడదు. కానీ అంతా ఒకే పచ్చగా ఉంటే అది బిలియర్డ్స్ బల్ల. అందుకని ఎండుగడ్డి రంగు కలపాలి, అక్కడక్కడా చావాలి. రాలిన ఆకులకి వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లాను. ఇక పట్టాల పక్కన వయ్యారిభామ లేకపోతే అది మన స్టేషనే కాదు. సన్నతీగలకి స్పాంజిపొడి అద్ది, మా ఆవిడ హెయిర్‌స్ప్రే కొట్టి, పట్టకారుతో 340 మొక్కలు నాటాను. ఊళ్ళో అయితే పీకి తగలెయ్యమంటారు.

అదే వారం హెచ్ఓఏ, అంటే మా కాలనీ ఇంటి ఓనర్ల సంఘం, నుంచి ఉత్తరం: లాన్‌లో కలుపు పెరిగింది, పది రోజుల్లో తీయించకపోతే ఫైన్. మనిషిని పెట్టి పీకించాను. ఎత్తూపల్లాలు, మూడు రకాల పసుపు, మధ్యలో మాడిన మచ్చ... నాకు ఆరు నెలలుగా కుదరనిదంతా ఇరవై నిమిషాల్లో సంచిలోకి పోయింది.

"పైన పీకించడానికో బిల్లు, కింద నాటడానికో బిల్లు. మధ్యలో వంటగది ఖాళీగా ఉంది, అక్కడేం చేస్తారండీ?" అంది మా ఆవిడ. కళను రూపాయల్లో కొలవకూడదన్నాను. "డాలర్లలోనే కొలుస్తున్నాను" అంది.

ఆదివారం అమ్మకి వీడియో కాల్‌లో స్టేషన్ చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"అదేంట్రా, గడ్డంతా అలా ఎండబెట్టేశావు? రోజూ రెండు చెంబులు నీళ్ళు పొయ్యకూడదూ?"

ఆ ముక్క రికార్డు చేసి పెట్టుకున్నాను.